బొలెరో వెనక ట్రైలర్: ఎండాకాలం పని డైరీ

ఫిబ్రవరి ఆఖరు

బొలెరో వెనక తగిలించి లాగుతూ, ఆగిన చోట అందులోనే వండుకుని పడుకునే క్యాంపింగ్ ట్రైలర్ ఇంటి ముందుకు వచ్చేసింది. ఆర్‌సీ, ఇన్సూరెన్సు నా పేరు మీదకు మారాయి, ఇక చేతులకు గ్రీజు అంటించుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్ బండి, ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. పెట్టె పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు, లోపల నిలబడాలంటే నేను తల కొంచెం వంచాలి. బయట అల్యూమినియం రేకు, దాని వెనక ఇనుప స్క్వేర్ పైపుల ఫ్రేము, పైపుల మధ్య ఖాళీల్లో థర్మకోల్, లోపలి వైపు పల్చటి ప్లైవుడ్. ముందు భాగంలో పడక, వెనక డోరు పైకి లేపితే దాని కింద వంటగది. పాత ఓనరు చల్లటి ఊళ్లలోనే తిప్పాడట, అక్కడికి ఇది బాగానే సరిపోయి ఉంటుంది. మన నల్గొండలో మే నెల వస్తే 44, 45 డిగ్రీలు మామూలు విషయం. అలాంటి ఎండలో ఈ రేకు పెట్టెలో పాపను మధ్యాహ్నం పడుకోబెట్టాలంటే చాలా పని చేయాలి.

ట్రైలర్ల గురించి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం చలి దేశాల వాళ్లు రాసింది. హీటర్ ఎక్కడ పెట్టాలి, పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేయాలి, మంచు కురిసే ముందు బండిని ఎలా మూసిపెట్టాలి, ఇవే. మన దగ్గర తిరిగే వాళ్లకు అందులో పనికొచ్చేది కొంచెమే. అందుకే చేసిన ప్రతి పనీ రాసి పెడుతున్నా. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తిప్పే చిన్న ట్రైలర్‌కు ముందు చూసుకోవాల్సినవి రెండే, ఒకటి బరువు, రెండోది ఎండ. సోఫా రంగు, లైట్ల డిజైను, టీవీ స్టాండు ఇవన్నీ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, చేసుకోకపోయినా నష్టం లేదు.

మొదటి రోజే ఒక గీత గీసుకున్నా. చాసిస్, ఇరుసు, కొలతలు, హిచ్ (ట్రైలర్‌ను బొలెరోకు తగిలించే భాగం), లైట్లు ఉన్న చోటు, వీటి జోలికి పోను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంకో అడుగు పొడవు పెంచుదాం, పైన ఇంకో అంతస్తు లేపుదాం అని సలహాలు ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది అదే. నా పనంతా పెట్టె లోపలే.

మార్చి, ధర్మకాంటా

బండి ప్లేటు మీద మొత్తం బరువు 750 కిలోలకు మించకూడదు అని ఉంది. ఖాళీ బండి ఎంత బరువో కాగితం మీద ఒక అంకె ఉంది కానీ ఆ అంకెను నమ్మి పని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. మిర్యాలగూడ వెళ్లా. రైస్ మిల్లుల ఊరు కాబట్టి ధర్మకాంటాలకు కొదవ లేదు, వడ్ల లారీల మధ్య వరసలో నిలబడి ట్రైలర్‌ను విప్పి ఒక్కదాన్నే కాంటా మీద వదిలా. కాంటా అబ్బాయి అద్దంలోంచి చూసి, "సార్, బండి ఎక్కలే ఇంకా" అన్నాడు. లారీలు తూచే కాంటా మీద ఇది అసలు బరువులా కనిపించదు మరి. చీటీ మీద 455 వచ్చింది. అంటే నాకు మిగిలింది 295 కిలోలు. పరుపులు, నీళ్లు, బ్యాటరీ, సోలార్ ప్యానెల్, ఫ్రిజ్, గ్యాసు, సామాన్లు, కుర్చీలు, బట్టలు, అన్నీ ఈ 295లోనే పట్టాలి, అదీ అంచు దాకా పోకుండా.

ఆ చీటీని ట్రైలర్ తలుపు లోపలి వైపు అతికించా. లోపల పెట్టే ప్రతి వస్తువునీ తూచి దాని పక్కన రాస్తున్నా.

ఇలా రాయడం మొదలుపెట్టగానే మొదట ప్లైవుడ్ సంగతి బయటపడింది. 18 ఎంఎం ప్లై ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి దాదాపు 35 కిలోలు, 12 ఎంఎం అయితే 23. ఇళ్లలో కప్‌బోర్డులు చేసే కార్పెంటర్‌కు అప్పజెబితే అలవాటు కొద్దీ 18 ఎంఎం వాడతాడు, తప్పు ఆయనది కాదు, ఇల్లు కదలదు కదా. ట్రైలర్‌లో మూడు షీట్లు పడితే వంద కిలోలు అక్కడే అయిపోతాయి. పాత అల్మారాలు పీకేసి అల్యూమినియం యాంగిల్‌తో ఫ్రేము చేయించా, దానికి 6 ఎంఎం మెరైన్ ప్లై రివెట్లతో బిగించా. పైన తలుపులకు చెక్కే లేదు, మందం కాన్వాసు గుడ్డకు జిప్పులు కుట్టించాం. మా ఆవిడే కుట్టింది, నాకు అల్మారాలన్నిటి కన్నా అవే ఎక్కువ నచ్చాయి. గతుకుల్లో తలుపులు తెరుచుకుని గిన్నెలు కిందపడే సమస్య కూడా పోయింది.

ఉగాది ముందు, హిచ్ మీద బరువు

ఇది కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే ట్రైలర్ లాగేవాళ్ల ప్రాణాలు దీని మీదే ఆధారపడి ఉంటాయి, మన దగ్గర దీని గురించి చెప్పేవాళ్లు చాలా తక్కువ.

నల్గొండ నుంచి హాలియా వైపు 565 నంబరు హైవే మీద సామాన్లన్నీ సర్ది ఒకసారి లాగి చూశా. నలభైలో బాగానే ఉంది. యాభై అయిదు దాటి అరవైకి వస్తుంటే వెనక బండి తోక ఊపడం మొదలుపెట్టింది, స్టీరింగులో తెలిసిపోతుంది. ఎదురుగా లారీ దాటితే ఆ గాలికి ఇంకా ఎక్కువ. యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే సర్దుకుంది. ఇలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పి సరిచేయాలని చూడకూడదు, స్పీడు దానంతట అదే తగ్గాలి.

కారణం తెలుసు, వెనక బరువు ఎక్కువ. ఇరుసుకు వెనక బరువు పేరుకుంటే ముందు హిచ్ మీద ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు చిన్న కుదుపు వచ్చినా వెనక భాగం దాన్ని పెద్దది చేసి ఊపుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో హిచ్ మీద ఎంత పడాలి అనేదానికి యూరప్ వాళ్లు 5 నుంచి 7 శాతం అంటారు, అమెరికా వాళ్లు 10 నుంచి 15 శాతం అంటారు. నా కప్లర్ మీద, అంటే బొలెరో వెనక ఉన్న గుండ్రటి బాల్‌కు తగిలే ట్రైలర్ ముందు కొస మీద, గరిష్ఠం 75 కిలోలు అని కొట్టి ఉంది. ఆ 75 దాటకుండా పది శాతానికి దగ్గరగా తేవాలన్నది నా లెక్క.

తూచడానికి పెద్ద సామాను అక్కర్లేదు. పత్తి కొనే వ్యాపారి దగ్గర ఎలక్ట్రానిక్ కాంటా ఒక పూట అడిగి తెచ్చా. నేల సమంగా ఉన్న చోట ట్రైలర్ నిలిపి, రెండు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టి, ట్యాంకు నిండా నీళ్లు పోసి, ట్రిప్పుకు పోయేటప్పుడు ఎలా సర్దుతామో అలాగే సర్ది, కాంటా మీద ఒక ఇనుప పైపు నిలబెట్టి దాని మీద కప్లర్ ఆనించా. పైపు పొడవు ఎంతంటే, బొలెరో బాల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కప్లర్ కూడా సరిగ్గా అంతే ఎత్తులో ఉండేంత, లేకపోతే అంకె మారిపోతుంది. ఎర్ర అంకెలు కాసేపు ఆడి 28 దగ్గర ఆగాయి. మొత్తం బరువు 640, హిచ్ మీద 28, అంటే నాలుగున్నర శాతం కూడా లేదు.

బాపు (మా నాన్న) ఊరి నుంచి వచ్చి ఉన్నాడు, అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఎడ్లబండి తోలిన మనిషి. "ముంగల బరువు లేకుంటె కాడి లేస్తది బిడ్డా, జోతెలు ఎడ్ల గొంతుకు పడతయి. మక్క బస్తాలు ఇరుసు మీద, ఒకటి రెండు నొగ దిక్కు ఏసుకోవాలె" అన్నాడు. నొగ అంటే బండి నుంచి కాడి దాకా ముందుకు పోయే పొడుగు కర్ర. హిచ్ బరువు గురించి ఇంత సూటిగా చెప్పిన మాట నేను ఎక్కడా చదవలేదు.

అసలు తప్పు పాత డిజైన్‌లోనే ఉంది. దీన్ని కట్టినవాళ్లు బ్యాటరీ పెట్టె వెనక మూలన పెట్టారు, గ్యాసు సిలిండరు కూడా వెనక వంటగదిలోనే. లెక్క ఇలా వేసుకోవచ్చు. నా బండిలో ఇరుసు నుంచి హిచ్ దాకా 2.8 మీటర్లు. ఒక వస్తువును ముందుకు ఎన్ని మీటర్లు జరిపామో దాన్ని ఆ వస్తువు బరువుతో గుణించి 2.8తో భాగిస్తే హిచ్ మీద అంత పెరుగుతుంది. వెనక ఉన్న పాత యాసిడ్ బ్యాటరీ 30 కిలోలు, ఇరుసుకు 1.2 మీటర్ల వెనక. అది తీసేస్తేనే దాదాపు 13 కిలోలు పెరిగింది. దాని స్థానంలో 13 కిలోల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని పడక కింద, ఇరుసుకు మీటరు ముందు పెట్టా, ఇంకో నాలుగున్నర. చిన్న సిలిండరు, అంటే 5 కిలోల గ్యాసు పట్టేది, ఇనుముతో కలిపి 11 కిలోల దాకా ఉంటుంది, దాన్ని వంటగది నుంచి తీసి ముందు హిచ్ దాకా పోయే ఇనుప పట్టీల మీద ఉన్న సామాన్ల పెట్టెలోకి మారిస్తే ఇంకో 13. మళ్లీ కాంటా పెడితే 59 చూపించింది. మొత్తం 620లో 59. అదే హైవే మీద అరవైలో లాగితే ట్రైలర్ వెనక ఉన్న సంగతి అద్దంలో చూస్తే తప్ప తెలియలేదు.

సిలిండరు పెట్టె గురించి ఒక్క మాట. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే పెట్టె అడుగున రెండు పెద్ద రంధ్రాలు కొట్టించి కింద నుంచి రాయి తగలకుండా జాలీ వేయించా, పెట్టెకూ పడకగదికీ మధ్య ఒక్క కంత కూడా లేకుండా సీలెంట్ కొట్టించా. బ్యాటరీ, స్విచ్చులు ఆ పెట్టె దరిదాపుల్లో లేవు. వెల్డింగ్ భాయ్ పైన కూడా గాలి కంతలు పెడదామా అన్నాడు, కిందివి ఉంటే చాలు, పైన పెడితే వాన నీళ్లు దిగుతాయి అని వద్దన్నా.

ఏప్రిల్ మొత్తం ఎండ పని

మధ్యాహ్నం రెండింటికి పైకప్పు లోపలి వైపు వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో గీతలు గీసినట్టు చూసుకుంటూ పోయా. థర్మకోల్ ఉన్న చోట 43, ఇనుప పైపు ఉన్న చోట 53. గన్ లేకపోయినా తెలుస్తుంది, అరచేయి ప్లైవుడ్ మీద ఆనించి నెమ్మదిగా జరిపితే ప్రతి రెండడుగులకూ ఒక వేడి పట్టీ చేతికి తగులుతుంది. థర్మకోల్ ఎంత మంచిదైనా, బయటి రేకుకూ లోపలి చెక్కకూ మధ్య ఇనుము వంతెనలా ఉంటే వేడి దాని మీదుగా లోపలికి వచ్చేస్తుంది.

ప్లై విప్పితే ఇంకో సంగతి తెలిసింది. థర్మకోల్ ముక్కలు ఖాళీ కన్నా చిన్నగా కోసి పెట్టారు, ప్రయాణాల్లో రాసుకుని అంచులు రాలిపోయి కింద పొడి కుప్ప పడి ఉంది. మొత్తం ఊడ్చేసి 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ బోర్డు తెచ్చా, ఆ గులాబీ, నీలం రంగుల్లో దొరికే గట్టి ఫోము. ఖాళీ కన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ కోసి, నొక్కి కూర్చోబెట్టి, అంచుల్లో పీయూ ఫోము (డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడేది) కొట్టి, అల్యూమినియం టేపు వేశా. ప్లైవుడ్ షాపులో దొరికే పసుపు రంగు రబ్బరు గమ్ము దీనికి వాడకండి, అందులోని సాల్వెంట్ ఫోమును కరిగించేస్తుంది, ముక్క మీద చుక్క వేసి చూస్తే కళ్లముందే గుంట పడుతుంది. నీళ్లతో చేసిన గమ్ము కానీ పీయూ ఫోము కానీ వాడాలి.

తర్వాత ప్రతి ఇనుప పైపు మీద 6 ఎంఎం ఫోము పట్టీ అతికించి, దాని మీద ప్లై బిగించా. పని చిన్నదే, ఖర్చు కూడా తక్కువే, కానీ మొత్తం ఎండ పనిలో నాకు దీనికి వచ్చినంత ఫలితం ఇంకే పనికీ రాలేదు. చేత్తో తడిమితే ఆ పట్టీలు ఇప్పుడు తెలియవు.

వెండి రంగు ఫాయిల్ షీటు గురించి చాలామంది అడుగుతున్నారు. అది వేడిని తిప్పికొట్టాలంటే దాని ముందు ఖాళీ గాలి ఉండాలి, ఒక అంగుళమైనా. రెండు చెక్కల మధ్య అదిమి పెడితే అది ఉత్త రేకు ముక్కే. అందుకని ఫాయిల్‌ను గోడల్లో పెట్టలేదు, కిటికీలకు బయటి వైపు కట్టే తెరలకు వాడా. తెర బయటే ఎందుకంటే, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ వేసుకున్నా ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది.

పైకప్పుకు డాబాల మీద వేసే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేశా. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక ఈ పెయింట్లు చిన్న ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో కూడా దొరుకుతున్నాయి. ముందు సగం కప్పుకే వేసి ఒక రోజు ఆగి చూశా. పాత రేకు వైపు 66, తెల్ల వైపు 48. మిగతా సగం అదే సాయంత్రం వేసేశా. రేకు మీద నేరుగా వేస్తే పెచ్చులూడుతుంది, ముందు ఎమెరీతో గీరి అల్యూమినియానికి పట్టే ప్రైమర్ కొట్టాలి.

ఏసీ ఎందుకు పెట్టలేదని అందరూ అడిగే ప్రశ్న. ఒక టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు కిలోవాట్ దాకా లాగుతుంది. నా బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు, అంటే 1280 వాట్ అవర్లు. గంట కాస్త దాటితే ఖాళీ. బ్యాటరీలు నాలుగు పెడితే బరువు ఎక్కడికి పోతుందో పై లెక్క చూస్తే తెలుస్తుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లతో చల్లబరిచే పద్ధతే మేలు. నీడ వైపు కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, పైన సన్నటి పైపుకు కంతలు పెట్టి నీళ్లు చుక్కలుగా దిగేలా చేశా, కప్పు మీద పాత గాలికంత ఉన్న చోటే 12 వోల్టుల ఫ్యాను బిగించా, అది లోపలి వేడి గాలిని పైకి లాగేస్తుంటే తడిక గుండా చల్లగాలి వస్తుంది. వాన మొదలై గాలిలో తేమ పెరిగాక ఇది పనిచేయదు, అప్పుడు ఉత్త ఫ్యానే. వట్టివేళ్ల వాసనకు పాప ఇంట్లో కూడా కావాలంటోంది.

మే, కరెంటు

ఎలక్ట్రికల్ పని త్వరగానే అయింది. 200 వాట్ల ప్యానెల్ ఒకటి, బరువు 12 కిలోలు, కప్పుకు రెండంగుళాల ఎత్తులో స్టాండు మీద పెట్టా. ఆ ఖాళీ ముఖ్యం. ప్యానెల్ వేడెక్కితే కరెంటు తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65కు చేరితే పదిహేను శాతం అక్కడే పోతుంది. ఎండ ఎక్కువ ఉన్న ఊళ్లో సోలార్ కూడా ఎక్కువ వస్తుందని అనుకుంటారు కానీ, నా మీటరులో మంచి అంకెలు కనపడేది పొద్దున తొమ్మిది, పదకొండు మధ్యే. కింద గాలి ఆడితే ప్యానెల్‌కూ మేలు, కప్పుకు నీడ అదనం.

రోజు ఖర్చు లెక్క: ఫ్యాను 25 వాట్లు రాత్రంతా నడిస్తే 200 వాట్ అవర్లు, చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ ఈ ఎండల్లో 450 దాకా, లైట్లు, ఫోన్లు కలిపి 100. మొత్తం 750. ప్యానెల్ నుంచి 700 వరకు వస్తుంది, మిగతాది బ్యాటరీ మోస్తుంది, మూడో రోజుకు కూడా ఇబ్బంది ఉండదు.

వైరు విషయంలో మన ఎలక్ట్రీషియన్లకు ఇంటి అలవాటు ఉంటుంది. 230 వోల్టుల్లో 2.5 చదరపు ఎంఎం వైరు చాలా పెద్దది. 12 వోల్టుల్లో కాదు. పది ఆంపియర్ల లోడు ఐదు మీటర్ల దూరంలో ఉంటే, పోను రాను పది మీటర్ల వైరు, 2.5 వైరులో ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. పన్నెండులో ముప్పావు అంటే ఆరు శాతం, వోల్టేజ్ తక్కువైందని ఫ్రిజ్ ఆగిపోతుంది. అదే 6 చదరపు ఎంఎం వైరు వేస్తే పావు వోల్టు పైన పోతుంది అంతే. ఫ్రిజ్‌కు 6 వేశా, లైట్లకు 1.5 చాలు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి, ఫ్యూజు అవతల వైరు నలిగి షార్ట్ అయితేనే అది కాపాడుతుంది, ఇవతల నలిగితే దానికి తెలియదు.

లిథియం బ్యాటరీకి చలి దేశాల్లో సున్నా డిగ్రీల కింద చార్జింగ్ చేయకూడదనే భయం. మనకు పై వైపు. చాలా బ్యాటరీల మీద చార్జింగుకు 45 అనో 55 అనో పరిమితి రాసి ఉంటుంది. అందుకే పడక కింద, నేల వైపు, గాలి ఆడే చోట పెట్టా, పడమటి గోడకు తగలకుండా.

రోహిణి కార్తె, నీళ్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బయట పని చేయలేక నీళ్ల ట్యాంకు పని పెట్టుకున్నా. 40 లీటర్లు, ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్, సరిగ్గా ఇరుసు మీద. నిండితే 40 కిలోలు, ఖాళీ అవుతుంటే బరువు తగ్గుతుంది కానీ ఇరుసు మీదే ఉంది కాబట్టి హిచ్ అంకె మారదు.

ఈ ట్యాంకు ఎక్కడ నింపాలి అన్నది ట్యాంకు కన్నా పెద్ద ప్రశ్న. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి, ఈ పేర్లు చెబితే మన జిల్లా వాళ్లకు వెంటనే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. వంకర తిరిగిన కాళ్లతో బతికిన మనుషులను చూస్తూ పెరిగాం. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. దారిలో పొలం బోరు కనిపించగానే ట్యాంకు నింపుకోవడం వేరే రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు సహజంగా అనిపిస్తుంది, వాళ్ల కోసమే ఇది రాస్తున్నా: కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు కూడా దాన్ని పట్టుకోవు. ఆర్‌వో పట్టుకుంటుంది కానీ చాలా నీళ్లు వదిలేస్తుంది, చిన్న ట్యాంకుకు అది కుదరదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు తయారుచేశారు, దాని పేరే నల్గొండ టెక్నిక్, కానీ అది మోతాదు కొలిచి, కలిపి, తేర్చి చేయాల్సిన పని, క్యాంపులో అయ్యేది కాదు. మేం ఇంటి దగ్గర భగీరథ నల్లా నుంచి కృష్ణా నీళ్లు నింపుకుని బయల్దేరతాం, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను వేరే. బోరు నీళ్లు గిన్నెలు కడగడానికి, వట్టివేళ్ల తడికకు.

మృగశిర, వైజాగ్ కాలనీ

దేవరకొండ దాటి నేరేడుగొమ్ము వైపు, నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్ పక్కన వైజాగ్ కాలనీ. మృగశిర కార్తె కాబట్టి చేపలు తినాలని మా ఆవిడ పట్టు, అక్కడికన్నా మంచి చోటు ఏముంది. బయల్దేరిన గంటకు ఆగి హబ్బుల మీద చేయి పెట్టి చూశా, గోరువెచ్చగా ఉన్నాయి. చేయి పెట్టలేనంత వేడి ఉంటే బేరింగు బిగువైనా అయి ఉండాలి, గ్రీజైనా అయిపోయి ఉండాలి. చక్రాల నట్లు ఇంకోసారి బిగించా, ఒకటి పావు తిరుగు తిరిగింది. ఈ ట్రైలర్‌కు ఓవర్‌రన్ బ్రేకు ఉంది, బొలెరో బ్రేకు వేస్తే ట్రైలర్ ముందుకు నెట్టుకొస్తుంది, ఆ నెట్టుడుకే కప్లర్ లోపలి రాడ్డు జరిగి కేబులు లాగి చక్రాలకు బ్రేకు వేస్తుంది. కేబులు కొంచెం బిగించాల్సి ఉంది.

నీటి అంచున ఆగుదామని అందరికీ ఉంటుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, ఎండాకాలం చివరికి బాగా దిగిపోతుంది, నీళ్లు వెనక్కి పోయిన చోట చదునుగా, పగుళ్లిచ్చి, ఎండిన నేల కనిపిస్తుంది. కిందికి దింపబోతుంటే చేపలు పట్టే పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు. "ఆడికి దింపకు సారూ, పైన ఎండినట్టే ఉంటది, లోపల బురద. పోయిన ఏడు ట్రాక్టరే దిగబడ్డది." కట్టెతో పొడిచి చూపించాడు, నాలుగు వేళ్ల మందం పెచ్చు కింద నల్లటి తడి మట్టి. గట్టు మీద మొరం నేల ఉన్న చేను యజమానిని అడిగి అక్కడ పెట్టుకున్నాం. వానాకాలంలో అయితే వేరే జాగ్రత్త, పై నుంచి వరద వస్తే మట్టం రాత్రికి రాత్రి పెరుగుతుంది, సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్ కూడా అంతే. ఎప్పుడైనా గట్టు మీదే.

తలుపు ఉత్తరం వైపు వచ్చేలా, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు చూసేలా నిలిపా. పడమటి ఎండ ఇరుకు గోడకే తగులుతుంది. మూడింటికి బయట నీడలో 40 ఉంటే లోపల తడిక నడుస్తూ 32. పాప పడుకుంది. ఫిబ్రవరిలో ఈ బండి కొన్నప్పుడు నేను అడిగింది ఇదొక్కటే.

సాయంత్రం చేపల పులుసు అయ్యాక గాలిదుమారం లేచింది. ఆనింగ్ (ట్రైలర్ పక్కన నీడకు కట్టే గుడ్డ పందిరి) మడిచేలోపే ఒక రాడ్డు వంగింది. మేకులు మాత్రం మొరంలో కదల్లేదు.

మన్ననూరు మీదుగా శ్రీశైలం రోడ్డుకు ట్రైలర్‌తో పోవచ్చా అని అడిగినవాళ్లకు: పగలు దాటిపోవడం వరకైతే సరే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేటు మూసే ఉంటుంది, అది అమ్రాబాద్ పులుల రిజర్వు, లోపల రోడ్డు పక్కన ఆగి వండుకోవడం, పడుకోవడం కుదరదు, చేయకూడదు కూడా. దారిలో కోతులకు తిండి వేయకండి, వెనక వంటగది డోరుకు తాళం వేసుకోండి. ఉండాలంటే ముందే అటవీ శాఖ గదులు బుక్ చేసుకుని ట్రైలర్‌ను అడవి బయటే వదిలి వెళ్లడం మేలు.

జూన్ మూడో వారం

మిగిలిన పనులు. ఆనింగ్ రాడ్డుకు ఒక సైజు పెద్ద పైపు వేయించాలి, అయితే అల్యూమినియంలోనే, ఇనుము వేస్తే రెండు రాడ్లకు నాలుగు కిలోలు పెరుగుతాయి. మూలల జాకీల కింద పెట్టడానికి చెక్క దిమ్మలు కోయించాలి. వానలు ముదిరే ముందు కప్పు మీద ప్రతి రివెట్టు తల మీద, ఫ్యాను చుట్టూ సీలెంట్ ఇంకోసారి వేసి, లోపల లైటు పెట్టి చీకట్లో బయట నుంచి చూసి, ఆ తర్వాత పైపుతో నీళ్లు కొట్టి చూడాలి. ఓవర్‌రన్ కేబులు, బేరింగుల గ్రీజు మిర్యాలగూడ మెకానిక్ భాయ్ దగ్గర ఆదివారం. వచ్చేటప్పుడు దారిలోనే ధర్మకాంటా, నిండుగా సర్దిన బండిని ఇంకోసారి తూచి కొత్త చీటీ తలుపుకు అతికిస్తా.